గుడ్డకంటిన ఆ నలుపు... మురికి కాదు!

నాన్న నడిపిన పాత బండిని బయటికి తీసి మెరిపించాలన్న ముచ్చట ఇప్పుడు చాలా ఇళ్లలో కనిపిస్తోంది. ఆ ముచ్చటలో పొరపాటున ఇంజిన్‌ను పాడుచేసుకుంటున్నవారూ ఉన్నారు. అల్యూమినియం స్వభావం కాస్త తెలిస్తే ఆ ముప్పు ఉండదు.

చింతపండు పులుసు కాచిన సత్తు గిన్నెను చూశారా? లోపలంతా తెల్లగా, కొత్తదానిలా మెరుస్తుంది. అదే గిన్నెలో రోజూ నీళ్లు కాస్తే అడుగు నల్లబడుతుంది. చాకలి సోడా వేసి నానబెడితే ఇంకా నల్లబడుతుంది. వంటింట్లో తిరిగేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పులుపుకి ఒకలా, సోడాకి మరొకలా స్పందించడం ఆ లోహం గుణం. పులుసుని అందులో నిల్వ ఉంచొద్దని పెద్దలు చెప్పేదీ అందుకే. గిన్నె తెల్లబడిందంటే, దాని పైపొర కొంత కరిగి పులుసులోకి దిగిందన్నమాట!

విచిత్రం ఏంటంటే... గిన్నె విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే ఇంట్లోనే, వాకిట్లో నిలబెట్టిన మోటార్ సైకిల్ ఇంజిన్ మీద బాత్రూం కడిగే యాసిడ్ పోసేవాళ్లుంటారు. సత్తు గిన్నే, ఇంజినూ ఒకే లోహం కుటుంబం. గిన్నె పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. ముప్ఫై నలభై ఏళ్ల కిందటి ఇంజిన్ కవరు పాడైతే... అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

పాత బండికి కొత్త మోజు

1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లు, 1960లో మైసూరులో పుట్టి 1996లో మూతపడిన ఐడియల్ జావా వారి జావాలు, యెజ్డీలు, 1985 నుంచి 1996 దాకా కుర్రకారుని ఊపేసిన యమహా ఆర్‌ఎక్స్ 100... వీటిలో ఏదో ఒకటి చాలా ఇళ్లలో కుటుంబ సభ్యుడిలా తిరిగింది. పెళ్లిచూపులకు వెళ్లింది, పిల్లల్ని బడికి దించింది, పొలానికి ఎరువు బస్తా మోసింది. తర్వాత కారు వచ్చాకో, నడిపేవాళ్లు లేకో మూలన పడింది. దాన్నే ఇప్పుడు కొడుకులూ మనవలూ బయటికి తీస్తున్నారు. ట్యాంకుకి రంగు వేయించొచ్చు, సీటు కొత్తది కుట్టించొచ్చు. కానీ బండికి అసలు అందం తెచ్చేది మధ్యలో కనిపించే ఇంజినే. అందుకే అందరి చూపూ దాని మీదే.

మోటార్ సైకిల్ ఇంజిన్లకు అల్యూమినియం వాడటానికి రెండు ప్రధాన కారణాలు. ఒకటి బరువు. అదే పరిమాణంలో ఉన్న ఇనుముతో పోలిస్తే ఇది దాదాపు మూడో వంతే. రెండోది వేడి. లోపల పుట్టిన వేడిని పోత ఇనుముకంటే కొన్ని రెట్లు వేగంగా బయటికి చేరవేస్తుంది. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానం ఇంజిన్‌కీ అల్యూమినియం క్రాంక్ కేసే వాడారు. అయితే పాత బండి ఇంజిన్ మొత్తం ఒకే లోహం అనుకోకూడదు. పాత బుల్లెట్‌నే తీసుకుంటే క్రాంక్ కేసు, పైనున్న హెడ్డు అల్యూమినియం. మధ్యలోని బోరు పోత ఇనుము. దీన్నీ మెరిపిద్దామని రంగు గీకేస్తే, మొదటి వానకే తుప్పు పడుతుంది.

కెంపులో ఉన్నదే... ఇంజిన్ మీదా!

ఇనుముకి తుప్పు పడితే పెచ్చులుగా రాలిపోతుంది. రాలినచోట మళ్లీ కొత్త తుప్పు. అలా లోపలికి తినేస్తూ పోతుంది. అల్యూమినియం అలా కాదు. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద సన్నని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది రాలదు. లోహాన్ని గట్టిగా పట్టుకుని, కింద ఉన్నదాన్ని కాపాడుతుంది. దాని మందం కొద్ది నానోమీటర్లే. అంటే తల వెంట్రుక మందంలో వేల వంతు!

ఇంత పలచనిదైనా అది ఆషామాషీ పదార్థం కాదు. నవరత్నాల్లోని కెంపు, నీలం ఉన్నాయి చూడండి... వాటి మూలపదార్థం ఈ అల్యూమినియం ఆక్సైడే. గీరుకు తట్టుకోవడంలో వజ్రం తర్వాతి వరస వాటిదే. చాలా ఎమరీ కాగితాల మీద ఉండే గరుకు రజను కూడా అదే పదార్థం.

మరి ఇంజిన్ ఎందుకు కళ తప్పుతుంది? నూనె, దుమ్ము, బురద వేడికి మాడి అట్టకట్టడం ఒక కారణం. ఉప్పు మరో కారణం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో గాలిలోని ఉప్పు ఆక్సైడు పొరను అక్కడక్కడా ఛేదించి సూదిమొనంత గుంటలు పెడుతుంది. వాటి మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. బిగించిన ఇనుప స్క్రూల చుట్టూ ఈ బెడద ఇంకా ఎక్కువ. రెండు వేర్వేరు లోహాల మధ్య తడి చేరితే అది చిన్నపాటి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి విప్పని స్క్రూలు కవరులోనే బిగుసుకుపోయి, విప్పబోతే తల తెగిపోయేది ఇందుకే.

ఇక ఈ కథలో కీలకమైన సంగతి. పాలిష్ రాసి రుద్దగానే గుడ్డ నల్లగా అవుతుంది. ‘అబ్బో, ఎంత మురికో’ అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. మళ్లీ నలుపే. ఇంకో గుడ్డ తీసుకుంటారు. మళ్లీ నలుపే! కడిగిన ఇంజిన్ నుంచి వచ్చే ఆ నలుపులో మురికి పాలు తక్కువ. పాలిష్‌లోని సన్నని రజను అరగదీసిన ఆక్సైడు, అల్యూమినియం రేణువులే ఎక్కువ. లోహం మరీ సన్నని పొడి అయితే తెల్లగా కాక నల్లగా కనిపిస్తుంది. కాబట్టి నలుపు రావడం ఆగేదాకా రుద్దుదాం అనుకుంటే అది ఎప్పటికీ ఆగదు. రుద్దిన ప్రతిసారీ గుడ్డకంటేది ఇంజినే.

ఇంత చెప్పాక ఓ చిన్న గీత గీసుకోవచ్చు. కడగడం ఇంజిన్ కోసం, మెరుగు పెట్టడం మన కంటి కోసం. మొదటిది తరచూ చేయాలి, రెండోది ఆచితూచి చేయాలి.

కడిగితే ఏంటి లాభం?

గాలితో చల్లబడే ఇంజిన్‌కు చుట్టూ ఉండే పలకలే ప్రాణం. వాటి మధ్య నూనె, మట్టి గట్టిపడితే గాలి ఆడదు, వేడి బయటికి పోదు. అది దుప్పటి కప్పుకుని ఎండలో పరిగెత్తినట్టే. ఇంకో లాభం... శుభ్రంగా ఉన్న ఇంజిన్ తన జబ్బు తానే చెబుతుంది. ఏ గాస్కెట్ దగ్గర నూనె చెమ్మ ఊరుతోందో, ఏ సీలు వదులైందో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో అది తెలిసేసరికి ఆయిలు అడుగంటుతుంది.

మెరుపు మాత్రం ఇంజిన్‌ను చల్లబరచదు. నిజానికి అద్దంలా మెరిసే లోహం, నల్ల రంగు వేసినదానితో పోలిస్తే వేడిని తక్కువగా వెదజల్లుతుంది. బండి కదులుతున్నప్పుడు చల్లబరిచే పని ప్రధానంగా గాలిదే కాబట్టి దానివల్ల పెద్ద నష్టం ఉండదు. కానీ ‘పాలిష్ చేస్తే ఇంజిన్ వేడెక్కదు’ అన్న మాట మాత్రం నిజం కాదు.

కడిగే పద్ధతి కష్టమైందేమీ కాదు. ముందుగా ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కాలుతున్న లోహం మీద చల్లటి నీళ్లు పడితే ఒక్కసారిగా ముడుచుకుంటుంది. వంకర పోవడానికీ, పగుళ్లివ్వడానికీ అవకాశం ఉంటుంది. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కాలి. కార్బురేటరు, ఎయిర్ ఫిల్టరు, కరెంటు తీగల కలయికలకు ప్లాస్టిక్ సంచి చుట్టాలి. స్పార్క్ ప్లగ్గు బిగించే ఉంచాలి. దాని చుట్టూ గుంటలో చేరిన ఇసుకను ముందే ఊది తీసేయాలి. లేదంటే తర్వాత ప్లగ్గు విప్పినప్పుడు ఆ ఇసుక నేరుగా బోరులోకి జారుతుంది.

గట్టిపడిన మడ్డిని ముందు చెక్కముక్కతోనో, ప్లాస్టిక్ గరిటెతోనో గీకాలి. తర్వాత కిరోసిన్ గానీ, అల్యూమినియంకు హాని చేయదని రాసి ఉన్న డిగ్రీజర్ గానీ రాసి పది నిమిషాలు నాననివ్వాలి. పాత టూత్‌బ్రష్షు, సీసాలు కడిగే బ్రష్షు ఉంటే పలకల మధ్యకు చక్కగా వెళ్తాయి. ఆ తర్వాత సబ్బు నీళ్లు, ఆపైన మంచినీళ్లు. పెట్రోలు మాత్రం వద్దు. దాని ఆవిరికి ఎక్కడో ఉన్న చిన్న నిప్పురవ్వ చాలు. ఇనుప తీగల బ్రష్షు కూడా వద్దు. అది లోతైన గీతలు పెడుతుంది, పైగా విరిగిన ఇనుప రేణువులు మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని తర్వాత తుప్పు చుక్కలుగా తేలతాయి.

సర్వీసింగ్ సెంటర్లలో జోరుగా కొట్టే నీటి గొట్టంతోనూ జాగ్రత్త. ఆ ధారను దగ్గర్నుంచి సీళ్ల మీదా, బేరింగుల మీదా కొడితే మురికి బయటికి రావడం పోయి లోపలికి వెళ్తుంది. కడగడం అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుక్కిన గుడ్డలూ చుట్టిన సంచులూ తప్పకుండా తీసేసి, ఇంజిన్‌ను కాసేపు నడిపితే మిగిలిన తడి ఆరిపోతుంది.

యాసిడ్ చేసే మోసం

యాసిడ్‌తో కడిగితే ఒక్క నిమిషంలో తెల్లబడుతుంది, నిజమే. మోసం అక్కడే ఉంది. బాత్రూం శుభ్రం చేసే ద్రవాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది ఆక్సైడు పొరను కరిగించి, కింద లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. మొదట తెల్లగా కనిపించిన కవరు కొన్నాళ్లకు సుద్దపూసినట్టు మసకబారి, గరుకుగా మారుతుంది. ఇక మూసుకుపోయిన గొట్టాల్లో పోసే కాస్టిక్ సోడా ఇంకా ప్రమాదం. అల్యూమినియంపై పడగానే బుసబుస పొంగుతుంది. అప్పుడు వెలువడే హైడ్రోజన్ మండే వాయువు.

వీటన్నిటికంటే భయపడాల్సింది మరొకటుంది. అల్యూమినియాన్ని తళుక్కుమనిపించే కొన్ని ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటాయి. ఇవి చర్మం మీద పడిన వెంటనే మంట పుట్టకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి ఆమ్లం చర్మం దాటి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి, గుండె లయనూ దెబ్బతీయగలదు. ఒంటిమీద పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఆలస్యం చేయకుండా, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బా మీద ఏముందో రాసిలేని ద్రవాన్ని ఇంట్లోకి తేకపోవడమే మేలు. పిల్లలున్న ఇంట్లో మరీనూ.

మెరుగుకి ముందు మూడు పరీక్షలు

మొదటిది, అక్కడున్నది ఉత్త లోహమా కాదా? చాలా బండ్ల కవర్లకు కంపెనీలోనే పారదర్శకమైన వార్నిష్ వేస్తారు. ఎవరికీ కనిపించని మూలలో కాస్త పాలిష్ రాసి రుద్దండి. గుడ్డ నల్లబడితే ఉత్త లోహం. నల్లబడకపోతే మీరు రుద్దుతున్నది వార్నిష్‌నో, మరో పూతనో. వార్నిష్ పచ్చబడి, దాని కింద తెల్లటి పురుగులు పాకినట్టు గీతలుంటే ఎంత పాలిష్ రాసినా లాభం లేదు. ముందు ఆ వార్నిష్‌ను పూర్తిగా తొలగించాల్సిందే.

రెండోది, అది పుట్టుకతోనే మెరిసే భాగమా? కంపెనీ గరుకుగా వదిలేసిన పోత భాగాలను అద్దంలా మార్చాలంటే చాలా లోహం అరగదీయాలి. అవి శుభ్రంగా ఉంటే చాలు, అదే వాటి అందం. గాస్కెట్ కూర్చునే అంచుల జోలికి అసలు వెళ్లకూడదు. అక్కడ కాస్త అరిగినా నూనె కారుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం... ఇంజిన్ నంబరు. అది మామూలుగా క్రాంక్ కేసు మీదే కొట్టి ఉంటుంది. బండికి అది పుట్టుమచ్చ లాంటిది. మెరుగు పేరుతో ఆ అంకెలు అరిగిపోతే, రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరుతో సరిపోల్చడం కుదరదు. సొంత బండికి పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించాలన్నా, తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకి మార్చాలన్నా చిక్కే. అంకెలు చెరిపిన ఇంజిన్ అంటే దొంగబండేమో అన్న అనుమానం ముందుగా వస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆ చోటు ఫొటో తీసి, పైన మందపాటి టేపు అతికించాలి.

ఓపికే అసలు పాలిష్

లోతైన గీతలు లేకపోతే గరుకు కాగితం అవసరమే లేదు. మెత్తటి పాత బనీను గుడ్డ, లోహాలకు వాడే పాలిష్ క్రీము చాలు. కొద్దిగా రాసి, అరచేయంత చోటే రుద్ది, ఆరేలోగా మరో గుడ్డతో తుడవాలి.

గీతలుంటే మాత్రం వాటర్ పేపరుతో మొదలుపెట్టాలి. నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. 400తో మొదలుపెడితే 600, 800, 1000, 1500, 2000... ఇలా మెట్టు మెట్టుగా వెళ్లాలి. ప్రతి మెట్టులోనూ కాగితాన్ని సబ్బు నీళ్లలో తడుపుతూ ఉండాలి. ఒక కాగితాన్ని నిలువుగా రుద్దితే, తర్వాతిది అడ్డంగా రుద్దాలి. ముందటి గీతలన్నీ పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒక మెట్టు ఎగరేస్తే ఆ గీతలు చివరి మెరుపులో దెయ్యాల్లా పైకి తేలతాయి. మళ్లీ మొదటికి రావాల్సిందే! చివర్లో గుడ్డ, పాలిష్. మిగిలిన నల్లటి జిడ్డు పోవాలంటే చిటికెడు గోధుమపిండి చల్లి పొడిగుడ్డతో తుడిస్తే అది పీల్చేసుకుంటుంది.

ఈ పనంతా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా, చక్రం తిరుగుతుండగా చైను దగ్గర గుడ్డ పెట్టడం కంటే పెద్ద పొరపాటు లేదు. గుడ్డను లాక్కున్న చైను వేళ్లనూ లాక్కుంటుంది. పాలిష్ గానీ, మైనం గానీ బ్రేకు డ్రమ్ము, డిస్కు, టైర్లకు తగలనివ్వకూడదు. మెరుపు కోసం చూసుకుంటే బ్రేకు జారుతుంది.

ఆ దుమ్ము నిప్పుతో సమానం

ఓపిక లేనివాళ్లు కవర్లు విప్పి బఫింగ్ షాపులో ఇస్తారు. మోటారుకి బిగించిన గుడ్డ చక్రం గిర్రున తిరుగుతుంటే, దానికి పాలిష్ కడ్డీ తాకించి, ఆపైన కవరును ఆనిస్తారు. గంటలో అద్దమే! కానీ ఆ గంటలో గాలిలోకి లేచే దుమ్ము సంగతి ఎవరూ అడగరు. అక్కడ పనిచేసే మనిషి ముక్కుకి చాలాసార్లు రుమాలే దిక్కు.

అల్యూమినియం ముద్దగా ఉన్నప్పుడు అంత సులువుగా అంటుకోదు. సన్నని ధూళిగా గాల్లోకి లేస్తే మాత్రం బారుమందే. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్షాన్‌లో, అల్యూమినియం చక్రాలకు మెరుగు పెట్టే ఓ కర్మాగారంలో ఆ ధూళి పేలింది. మొదటిరోజుల్లో 75 మంది చనిపోయారని లెక్క తేలింది. కాలిన గాయాలతో ఆసుపత్రుల్లో ఉన్నవారూ ఒక్కొక్కరుగా కన్నుమూయడంతో చివరికి ఆ సంఖ్య 146కి చేరింది. ఏం పని చేస్తున్నారు వాళ్లు? కార్ల చక్రాలు తళతళలాడేలా చేస్తున్నారు... అంతే.

ఒక్క బండి కవరుతో అంత ప్రమాదం జరగదు. కానీ రోజూ పదుల కొద్దీ సామాన్లు బఫింగ్ చేసే గదిలో ధూళి గోడలకూ, దూలాలకూ పేరుకుంటుంది. దాన్ని అప్పటికప్పుడు ఎత్తేయాలి. ఇనుము అరగదీసే పని అదే గదిలో పెట్టకూడదు. దాని రవ్వలే నిప్పు. అల్యూమినియం దుమ్ము అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, పొడి ఇసుకే పోయాలి. ఇంట్లో డ్రిల్లు మిషనుకి గుడ్డ చక్రం తగిలించి చేసేవాళ్లు కూడా కళ్లద్దాలు, మంచి మాస్కు పెట్టుకుని, ఆరుబయట చేసుకోవడం మంచిది.

ఎక్కడ ఆపాలి?

ఇంత కష్టపడి తెచ్చిన మెరుపు ఎన్నాళ్లుంటుంది? పూత లేని అల్యూమినియం వానాకాలంలో కొద్ది వారాల్లోనే మసకబారడం మొదలవుతుంది. వేడి తక్కువ తగిలే కవర్లకు పలచగా మైనం రాస్తే కొంతకాలం నిలుస్తుంది. హెడ్డు లాంటి వేడి భాగాల మీద అది నిలవదు. మెరుపు తగ్గిన ప్రతిసారీ వాటర్ పేపరు తీయకూడదు. వానలో తిరిగొచ్చినప్పుడు మంచినీళ్లతో కడిగి తుడవడం, ఎప్పుడైనా ఓసారి చేత్తో తేలికగా పాలిష్... ఇవి చాలు. దసరా ఆయుధపూజకు కడిగి బొట్టు పెట్టిన బండిని కూడా మర్నాడు తుడిచేయాలి. నిమ్మరసం, తడి కుంకుమ గరుకు లోహం మీద రోజుల తరబడి ఎండితే మరకలు మిగులుతాయి.

పదేపదే బఫింగ్‌కి వెళ్లిన కవర్లను గుర్తుపట్టడం తేలికే. పోతలో వచ్చిన కంపెనీ పేరు అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. స్క్రూ రంధ్రాల అంచులు గుండ్రబడి ఉంటాయి. మెరుపు ఉంటుంది, ఆకారం పోతుంది.

పాత బండి ఇంజిన్‌ను దగ్గరగా చూస్తే గేరు రాడ్డు పక్కన, కిక్కు దగ్గర కవరు మీద ఓ చోట మాత్రం విడిగా నునుపుదేలి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఓ మనిషి చెప్పు రాసుకుని, రాసుకుని పడిన మెరుగు అది. మిగతా ఇంజిన్‌ను ఎంతైనా శుభ్రం చేసుకోవచ్చు. ఆ చోటిని మాత్రం పొడిగుడ్డతో తుడిచి వదిలేస్తే చాలు. ఏ బఫింగ్ షాపులోనూ దొరకనిది అదొక్కటే.